నేక్‌నామ్ పల్లి నుండి నాంపల్లి వరకు

మూసీనదికి ఉత్తరాన నాంపల్లి, ఆబిడ్స్ ఒకదానినొకటి ఆనుకొని ఉన్నాయి. ఆ రద్దీలో నడిచే బాటసారికి ఇక్కడ ఒకప్పుడు చిన్న పల్లె ఉండేదంటే నమ్మశక్యం కాదు. కాని ఆ సంగతిని ఊరి పేరే చెబుతున్నది.

గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా కొలువులో నేక్‌నామ్ ఖాన్ అనే సేనాని ఉండేవాడు. కర్ణాటక ప్రాంతపు సైన్యాలకు ఆయన అధిపతి. నేక్‌నామ్ అంటే మంచిపేరు గలవాడని అర్థం. ఆయన పేరుతోనే ఈ ఊరు నేక్‌నామ్ పల్లి అయినదనీ, జనం నోట నాంపల్లిగా మారినదనీ పెద్దలు చెబుతారు. ఈ పేరులో ముందు మాట ఫారసీ, వెనుక మాట తెలుగు.

ఖాన్ హిజ్రీ 1082లో, అనగా క్రీ.శ. 1672లో మరణించాడు. గోల్కొండలో ఆయన సమాధి వద్ద ఒక శిలాశాసనం ఉన్నది. సమాధి పోషణకు, ఖుర్ఆన్ పారాయణానికి అబుల్ హసన్ తానీషా ఒక గ్రామం ఆదాయాన్ని కేటాయించినట్లు అందులో ఉన్నది. 1687లో ఆ రాజ్యమే కూలిపోయింది. అయినా ఆ దానం ఏమిటో, దేనికొరకో మనకు నేటికీ తెలుస్తున్నది. కారణం, అది వ్రాతలో ఉండడమే.

ఔరంగజేబు సైన్యంతో వచ్చారని చెప్పే హజ్రత్ యూసుఫ్, హజ్రత్ షరీఫ్ (రహ్మతుల్లాహి అలైహిమా) నాంపల్లిలోనే విశ్రమిస్తున్నారు. యూసుఫైన్ దర్గా వారిదే.

పల్లె నగరంలో కలిసిపోవడం తరువాతి కథ. 1907లో ఇక్కడ రైలుస్టేషను వెలిసింది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాదిమందిని పొట్టన పెట్టుకున్నది. ఆ వరద ఫలితంగానే 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. ఆరవ నిజాం కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మేనియా యూదుని దుకాణం పేరు పక్కపేటకు స్థిరపడింది.

ఇందులో మనకు గుణపాఠం ఉన్నది. పేరును జనం నోరు కాపాడగలదు. కాని మస్జిదు మాన్యాన్ని, ఖబరస్తాన్ హద్దును వ్రాతకోతలే కాపాడగలవు. బకరా సూరా 282వ ఆయతులో అల్లాహ్ అప్పు వ్యవహారాన్ని సైతం వ్రాసిపెట్టుకొమ్మని ఆదేశించాడు. అటువంటప్పుడు, తరతరాలకు చెందిన వక్ఫ్ ఆస్తి విషయంలో మన నిర్లక్ష్యానికి సాకు ఏమున్నది? రాష్ట్ర వక్ఫ్ బోర్డు కార్యాలయం కూడ ఈ నాంపల్లిలోనే, హజ్ హౌస్‌లో ఉన్నది. మన ఊరి మస్జిదు, ఖబరస్తాన్ అక్కడి దస్తావేజులలో ఎలా నమోదై ఉన్నాయో చూసుకోవడం ప్రతి జమాఅత్ బాధ్యత. పెద్దలకు తెలిసిన హద్దులను వారు జీవించి ఉండగానే వ్రాయించుకోవాలి. ఇది మనకు అప్పగించబడిన అమానతు.