అహ్మదాబాద్ మగ్గాల షెడ్డు: పని విభజన నేర్పిన పాఠం

ఉత్పాదకత పెరగాలంటే కొత్త యంత్రాలు, గట్టి పర్యవేక్షణ ఉంటే చాలునని సాధారణంగా భావిస్తారు. ఈ రెండూ ఉండి కూడా ఆశించిన ఫలితం రాని ఒక సందర్భాన్ని ఈ పాఠ్యభాగంలో పరిశీలిద్దాం.

నేపథ్యం

అమెరికన్ ఇంజనీరు ఫ్రెడరిక్ టేలర్ 1911లో ప్రచురించిన గ్రంథం శాస్త్రీయ నిర్వహణకు పునాది వేసింది. బెత్లెహామ్ ఉక్కు కర్మాగారంలో ఒక కార్మికుడు రోజుకు ఎత్తే దుక్క ఇనుము 12.5 టన్నుల నుండి 47.5 టన్నులకు, కూలి 1.15 డాలర్ల నుండి 1.85 డాలర్లకు పెరిగినట్లు ఆయన అందులో పేర్కొన్నాడు. అంటే పని దాదాపు నాలుగు రెట్లు అయింది. కూలి సుమారు 60 శాతమే పెరిగింది. ఆలోచించడం యాజమాన్యం వంతు, చెప్పినట్లు చేయడం కార్మికుని వంతు అన్నది ఈ విధానం సారాంశం. పనిని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కను ఒక్కొక్కరికి అప్పగించే పద్ధతి ఇక్కడి నుండే బలపడింది.

సమస్య

అహ్మదాబాద్‌లోని కాలికో మిల్లు 1952లో ఆటోమేటిక్ మగ్గాలను ప్రవేశపెట్టింది. పేక నూలు అయిపోగానే కండె దానంతటదే మారడం వీటి ప్రత్యేకత. ఒక షెడ్డులోని 224 మగ్గాలపై ఒక షిఫ్టులో 29 మంది పనిచేసేవారు. వారి పనులు 12 రకాలు: నేత నేసేవారు, కండెలు నింపేవారు, తెగిన పడుగు పోగులను సరిచేసేవారు, గుడ్డ మోసేవారు, జాబర్లు, నూనె వేసేవారు, ఊడ్చేవారు మొదలైనవారు. నేతగాడు 24 లేదా 32 మగ్గాలు చూసేవాడు. కండెలు నింపే వ్యక్తి 40 నుండి 50 మగ్గాలు చూసేవాడు. ఒకరి పరిధి మరొకరి పరిధితో కలిసేది కాదు. మగ్గం ఆగితే బాధ్యత ఎవరిదో తేలేది కాదు. యంత్రాలు కొత్తవే అయినా ఉత్పత్తి, నాణ్యత ఆశించినంత మెరుగుపడలేదు.

ప్రయోగం

లండన్‌లోని టావిస్టాక్ సంస్థకు చెందిన ఎ.కె. రైస్ 1953లో ఈ షెడ్డును పరిశీలించాడు. లోపం మనుషుల్లో లేదు, పని అమరికలో ఉందని గుర్తించాడు. ఏడుగురు సభ్యుల బృందానికి 64 మగ్గాలు పూర్తిగా అప్పగించాలన్నది ఆయన సూచన. దానిని కార్మికులూ సూపర్‌వైజర్లూ తమ సొంతం చేసుకున్నారు. బృందాల్లో ఎవరెవరు ఉండాలో కార్మికులే నిర్ణయించుకున్నారు. తొలి ఒడిదుడుకుల తరువాత మగ్గాల సామర్థ్యం సుమారు 80 శాతం నుండి 95 శాతానికి పెరిగింది. లోపాలున్న గుడ్డ 32 శాతం నుండి 20 శాతానికి తగ్గింది. ఈ అనుభవాన్ని రైస్ 1958లో గ్రంథంగా వెలువరించాడు.

విమర్శ

ఈ ఫలితాలను యథాతథంగా స్వీకరించడం సరికాదు. అదే కాలంలో వేతనాలు కూడా మారినందున ఘనతనంతా బృంద పద్ధతికే ఇవ్వలేమని తరువాతి పరిశోధకులు వాదించారు. ఎరిక్ మిల్లర్ 1970లో మిల్లును తిరిగి పరిశీలించినప్పుడు, బృంద పద్ధతి ఒక షెడ్డులో చాలావరకు నిలిచి ఉండగా, మరికొన్ని చోట్ల సడలిపోయి కనిపించింది. ఒకసారి సంస్కరించి వదిలేస్తే ఏ పద్ధతీ నిలవదు.

ముగింపు

టేలర్‌కు, రైస్‌కు ఉమ్మడి అంశం ఒకటుంది: ఇద్దరూ పనిని దగ్గరగా గమనించారు. తేడా ఎక్కడంటే, పని గురించిన జ్ఞానం ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్న దగ్గర. మన కార్యాలయాల్లో ఒక దరఖాస్తు అయిదారు బల్లలు తిరిగి ఎక్కడో ఆగిపోయినప్పుడు, ఆ గుమాస్తాలను సోమరులనడం తేలిక. ఆ ఫైలు మొదటి నుండి చివరి వరకు ఎవరిదన్న ప్రశ్న వేయడం కష్టం. అహ్మదాబాద్ షెడ్డు మనకు ఆ కష్టమైన ప్రశ్ననే నేర్పుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మీకు తెలిసిన ఒక కార్యాలయంలో ఏదైనా ఒక పని ఎన్ని చేతులు మారుతుందో రాసి, ఎక్కడ బాధ్యత జారిపోతున్నదో గుర్తించండి.