అబిడ్స్‌లో ఆ 'స్' ఎవరిది?

అత్వెల్లి వాళ్లకు ఉప్పూ పప్పూ మేడ్చల్‌లోనే దొరుకుతాయి. పెళ్లి బట్టలకో, పిల్లల పుస్తకాలకో పట్నం బస్సెక్కిన మనిషిని ఎక్కడికని అడిగితే 'అబిడ్స్‌కు' అంటాడు. ఆ పేరు చివరి 'స్' ఇంగ్లిషు వాళ్ల షష్ఠీ విభక్తి. అబిద్ గారి దుకాణం అని దాని అర్థం. దుకాణం ఏనాడో పోయింది, విభక్తి మిగిలింది.

ఆల్బర్ట్ అబిద్ ఆర్మేనియా జాతివాడు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర ఆంతరంగిక సేవకుడు. ప్రభువు ఏం తొడగాలో, ఏ గడియారం పెట్టాలో చూసుకునేది అతనే. మహబూబ్ పాషా ఒకసారి వేసిన బట్ట మళ్లీ వేసేవాడు కాదంటారు. పురానీ హవేలీలోని ఆయన బట్టల అల్మారాలను ఇవాళ్టికీ జనం నోళ్లు తెరుచుకుని చూస్తారు. అన్నేసి బట్టల్లో ఒక జత తగ్గితే లెక్క అడిగేదెవరు?

పాత నగరం ముచ్చట ఇక్కడే మొదలవుతుంది. దొర పక్కన పడేసిన బూట్లు, గడియారాలు, గుండీలు మెల్లగా అబిద్ దుకాణం చేరేవట. కొన్నాళ్లకు వాటినే తుడిచి, కొత్త సరుకని చెప్పి, మళ్లీ దొరకే అమ్మేవాడట. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడం విన్నాం గానీ, తిరిగి అత్తకే అమ్మడం అబిద్ దగ్గరే నేర్చుకోవాలి. 1967 నాటి హాలీవుడ్ సినిమా 'ఫిట్జ్‌విల్లీ'లోనూ ఇంటి పనివాళ్లు దొంగతనాలు చేస్తారు. అయితే ఆ తాపత్రయమంతా చేతిలో చిల్లిగవ్వ లేని సంగతి యజమానురాలికి తెలియకూడదనే. అబిద్ కథలో అంత త్యాగం లేదు.

ముచ్చటను నమ్మినా నమ్మకపోయినా, 1891 నాటి వజ్రం గొడవ మాత్రం కోర్టుకెక్కిన చరిత్ర. సిమ్లా నగల వ్యాపారి జాకబ్ పెద్ద వజ్రం ఒకటి తెచ్చాడు. బేరం 46 లక్షల రూపాయలు, మధ్యవర్తి అబిద్. బయానా ముట్టాక నిజాం వద్దన్నాడు. బయానా వెనక్కి రాలేదన్న కేసులో జాకబ్ కలకత్తా హైకోర్టులో నిర్దోషిగా బయటపడ్డాడు. వజ్రం చివరికి నిజాం ఇంటికే చేరింది. తండ్రి పోయాక ఏడో నిజాంకు అది పాత జోడు ముందుభాగంలో దొరికిందని, ఆయన దాన్ని కాగితాల మీద బరువుగా వాడాడని చెబుతారు. 1995లో భారత ప్రభుత్వం మిగతా నగలతో పాటు దాన్నీ కొన్నది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. కాలం మాత్రం ఇద్దరికీ న్యాయమే చేసింది. దొర పేరు మహబూబ్‌నగర్‌కు దక్కింది, నౌకరు పేరు బజారుకు దక్కింది.

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద నేటికీ పాత పుస్తకాలు చేతులు మారుతుంటాయి. ఎప్పుడో మీరు తూకానికి అమ్మేసిన పుస్తకం అక్కడ మీ సంతకంతోనే కనిపిస్తే ఆశ్చర్యపోకండి. మహబూబ్ పాషాలా మారుమాట్లాడకుండా డబ్బిచ్చి తెచ్చుకోండి.