రోటరీ మండలసభలు - ఒక పదలోపము

ధర్మసంఘముల చరిత్ర వ్రాయువారు తఱచుగా నవి కట్టించిన వైద్యశాలలను, త్రవ్వించిన నూతులను, పంచిన ధనమును లెక్కించి చాలించుచుందురు. ఆ సంఘము తన్నుఁ దాను పాలించుకొను విధమెట్టిది? తన నియమములలో దోషము కనఁబడినప్పుడు దానిని సవరించుకొను మార్గమేది? ఆ మార్గమునఁ జిన్నసంఘమునకుఁ గల యధికార మెంత? అను ప్రశ్నలు మఱుగునఁ బడియుండును. అమెరికాలోఁ బుట్టి లోకమంతట వ్యాపించిన రోటరీ సంఘముల విషయమున నీ ప్రశ్నలకు సమాధానము నీయఁగల సాధనమొకటి కలదు. అది యా సంఘముల నిబంధనలయందుండిన యొక్క పదము. సభ్యుఁడు పురుషుఁడై యుండవలెనని తెలుపు నా పదమును దొలఁగింపవలయునని 1950లో భారతదేశమునందలి యొక రోటరీ సంఘము ప్రతిపాదించెను. ఆ నియమము తొలఁగినది 1989లో. నడుమ గడచిన 39 ఏండ్ల వృత్తాంతము ఈ పరిపాలనపద్ధతియొక్క గుణదోషములకు గీటుఱాయి.

1905 ఫిబ్రవరి 23వ తేదీని చికాగో నగరమున న్యాయవాదియగు పాల్ హారిస్, బొగ్గువర్తకుఁడగు సిల్వెస్టర్ షీల్, గనుల యింజనీరగు గస్టేవస్ లోర్, దుస్తుల వర్తకుఁడగు హైరమ్ షోరీ యను నలువురు లోర్ కార్యాలయమునఁ గూడిరి. సభ్యుల కార్యాలయములందు వంతులచొప్పునఁ గూడుచుండుటచే ఆ గోష్ఠికి రోటరీ యను పేరు గలిగెను. ఒక్కొక్క వృత్తినుండి యొక్కొక్కనినే చేర్చుకొనుట యా నాఁటి నియమము. 1908లో శాన్ ఫ్రాన్సిస్కో నగరమున రెండవ సంఘ మేర్పడెను. 1910లో 16 సంఘముల ప్రతినిధులు చికాగోలో మహాసభగాఁ గూడి జాతీయసమాఖ్య నేర్పఱచుకొనిరి. పాల్ హారిస్ దాని ప్రథమాధ్యక్షుఁడు. కార్యదర్శియైన చెస్లీ పెరీ 1942 వఱకు నా పదవియందే యుండెను. కెనడాలోని విన్నిపెగ్ సంఘము చేరిన పిమ్మట 1912లో సమాఖ్య పేరున అంతర్జాతీయశబ్దము చేరెను. 1922లో రోటరీ ఇంటర్నేషనల్ అను నేఁటి పేరు స్థిరపడెను. భారతదేశమున మొదటి సంఘము కలకత్తాలో 1919లో నేర్పడి మఱుచటి యేఁట గుర్తింపు పొందెను. నాఁడు ఆంధ్రజిల్లాలకును రాజధానియైన మద్రాసున 1929లో సంఘము వెలసెను.

ఈ సమాఖ్యయందు గమనింపవలసిన ప్రథమాంశ మొకటి కలదు. రోటరీ ఇంటర్నేషనలునకు సభ్యులు వ్యక్తులు కారు, సంఘములు. వ్యక్తి తన యూరి సంఘమునకు సభ్యుఁడు. ఆ సంఘము సమాఖ్యకు సభ్యురాలు. కావున ప్రతిసంఘమునకును దన యింటిలోఁ గొంత స్వాతంత్ర్యము కలదు. అయినను 1922 తరువాతఁ జేరిన ప్రతిసంఘమును సమాఖ్య నిర్ణయించిన యేకరూపమైన నిబంధనావళి నంగీకరింపవలసినదే. ఈ స్వాతంత్ర్యమునకును ఈ పారతంత్ర్యమునకును నడుమ వారధిగా నిలిచినదే మండలవ్యవస్థ.

సంఘముల సంఖ్య పెరుఁగఁగా చికాగోనుండి యన్నింటిని విచారించుట దుష్కరమయ్యెను. అందుచే 1915లో శాన్ ఫ్రాన్సిస్కోలోఁ గూడిన మహాసభ సంఘములను డిస్ట్రిక్టు లనఁబడు మండలములుగా విభజించి, ఒక్కొక్క మండలమునకు గవర్నరను నధికారిని నియమించు పద్ధతి నేర్పఱచెను. ఈ గవర్నరు స్థితి విచిత్రమైనది. అతనిని నిర్దేశించువారు మండలమునందలి సంఘములవారు; శాస్త్రోక్తముగ నెన్నుకొనునది అంతర్జాతీయ మహాసభ; అధికారము చేయునపుడు మాత్రము డైరెక్టర్ల బోర్డునకు లోఁబడి సమాఖ్యాధికారిగా వర్తించును. వ్యాకరణమున రెండు వర్ణములకు బదులుగా నొక్కటే యాదేశము వచ్చినప్పుడు అది పూర్వపదమునకు అంతమువలెను పరపదమునకు ఆదివలెను భావింపఁబడును గదా! గవర్నరును అట్లే క్రిందివారి కంతము, పైవారి కాది. పదవీకాల మొక్క సంవత్సరము, జూలై 1 మొదలు జూన్ 30 వఱకు.

మండలమునందలి సంఘము లేఁటేఁట డిస్ట్రిక్టు కాన్ఫరెన్సు అను మండలసభగాఁ గూడును. ఆ సభకు అంతర్జాతీయాధ్యక్షుఁడు తన ప్రతినిధిని పంపును. ఉపన్యాసములు, లెక్కల యామోదము, సేవాకార్యముల సమీక్ష యందు జరుగును. ప్రతి 25 మంది సభ్యులకు నొక యోటు చొప్పున సంఘముల కోట్లు గలవు; అంతర్జాతీయ మహాసభలో నైతే 50 మంది కొకటి. మండలసభ తీర్మానములు చేయవచ్చునుగాని యవి మూలనిబంధనమునకు విరుద్ధములు కారాదు. తానై యే నియమమును మార్పఁజాలదు. మఱి దాని బలమెందున్నది? రెంటియందున్నది. నియమమును మార్పవలయునని ప్రతిపాదనము పంపుట యొకటి. ఆ ప్రతిపాదనములను విచారించు సభకు మండలమునుండి ప్రతినిధి నెన్నుకొనుట రెండవది.

ఆ విచారణసభయే కౌన్సిల్ ఆన్ లెజిస్లేషన్ అనఁబడు నిబంధననిర్మాణసభ. మొదట నియమముల మార్పులన్నియు నేఁటేఁటి మహాసభయందే నిర్ణయింపఁబడుచుండెను. వచ్చువారి సంఖ్య యధికమై చర్చ దుర్ఘటము కాఁగా, ప్రతిపాదనములను ముందుగా శోధించి సలహా చెప్పుటకై 1933లో ఈ సభ కల్పింపఁబడెను. 1970లో అట్లాంటా మహాసభ దీనికి సలహాధికారముతోఁ బాటు నిర్ణయాధికారమును గూడ నొసఁగెను. ఇది మూఁడేండ్ల కొకసారి కూడును; ఒక్కొక్క మండలమునకు నొక ప్రతినిధి. ఉపనిబంధనలను మార్చుటకు సామాన్యాధిక్యము చాలును. మూలనిబంధనమును మార్చుటకు మూఁడింట రెండు పాళ్ల యోట్లు కావలయును. కార్యనిర్వహణము మాత్రము అధ్యక్షుఁడును, రాఁబోవు నధ్యక్షుఁడును, 17 మంది డైరెక్టర్లును గల బోర్డునది.

సంవత్సరమాత్రపదవియు, నియమబద్ధమైన సభయు దక్షిణదేశమునకుఁ గ్రొత్తవి కావు. కాంచీపుర ప్రాంతమునందలి ఉత్తరమేరూరు దేవాలయకుడ్యములపై ప్రథమపరాంతకచోళుని 12, 14వ రాజ్యవర్షముల శాసనములు రెండు గలవు. అవి క్రీ.శ. 919, 921 కాలమునవి. గ్రామమును 30 భాగములుగఁ జేసి, కుండలోఁ బేళ్లు వ్రాసిన యాకులు వేసి తీయించి, వారియములకు సభ్యుల నొక యేఁటికై యెన్నుకొనుట యందుఁ జెప్పఁబడినది. గడచిన మూఁడేండ్లలో నా పని చేసినవారు మరల నర్హులు కారు. మొదటి శాసనమున వయోనియమము 30 మొదలు 60 వఱకు. రెండవదానిలో 35 మొదలు 70 వఱకు. రెండేండ్లలోనే యా సభ తన నియమమును సవరించుకొనెను. ఒక గ్రామసభకు రెండేండ్లు పట్టిన పని లోకవ్యాప్తమైన సమాఖ్యకు 39 ఏండ్లు పట్టుటకుఁ గారణము విస్తారమొక్కటియే యనరాదు. కారణము ఆ పదముయొక్క స్వభావమునందును గలదు.

నిబంధనావళియందు 'మనుష్యుఁడు' అను సామాన్యశబ్దమే యుండినచో వ్యాఖ్యానమున కవకాశముండెడిది. సంస్కృతమున స్త్రీపురుషవాచకములు కలిసి వచ్చినప్పుడు పుంలింగశబ్దమే మిగిలి యిరువురిని బోధించును. తెలుఁగున 'వారు' అనఁగా స్త్రీలును బురుషులును గూడ నగుదురు. కాని రోటరీ నిబంధనలలో నుండిన పదము పురుషజాతిని మాత్రమే నిర్దేశించు విశేషణము. అది వ్యాఖ్యాతకు ద్వారము మూసినది. అట్టిచోట నర్థవిస్తారము పొసఁగదు, లోపమే శరణ్యము.

ఆ లోపమును విధింపుమని మొదట నడిగినది, పైనఁ జెప్పినట్లు, 1950లో నొక భారతీయసంఘము. స్త్రీపురుషభేదము లేక పౌరులందఱకు నోటుహక్కు నొసఁగిన భారతరాజ్యాంగము అమలులోనికి వచ్చినదియు నా యేఁటనే. ప్రతిపాదన మంగీకరింపఁబడలేదు. 1964లో సింహళములోని, అనఁగా నేఁటి శ్రీలంకలోని, యొక సంఘము స్త్రీల ప్రవేశమునకై ప్రతిపాదనము పంపఁగా, దానిని ఉపసంహరింపవలెనని ప్రతినిధు లోటు చేసిరి. 1972లో నొక యమెరికా సంఘ మడిగెను. 1977లో మూఁడు వేఱువేఱు ప్రతిపాదనములు వచ్చెను. గౌరవసభ్యత్వమైన నిమ్మని బ్రెజిలునుండి మఱియొకటి వచ్చెను. 1980లో భారత, స్వీడన్, స్విట్జర్లాండ్, అమెరికా దేశముల సంఘములతోఁ గూడ డైరెక్టర్ల బోర్డే పురుషపదమును దొలఁగింపుమని కోరెను. అప్పటికిని నియమము చలింపలేదు.

ఈ లోపల నొక సంఘము సూత్రముకొఱకు వేచియుండక ప్రయోగము చేసెను. కాలిఫోర్నియాలోని డుఆర్టే సంఘము 1977లో ముగ్గురు స్త్రీలను సభ్యులుగాఁ జేర్చుకొనెను. నియమోల్లంఘన మైనదని బోర్డు విచారించి 1978 మార్చిలో నా సంఘమును సమాఖ్యనుండి తొలఁగించెను. అంతర్జాతీయ మహాసభకుఁ జేసికొనిన విన్నపము విఫలమయ్యెను. తొలఁగించిన బోర్డే రెండేండ్లకు నియమమును మార్పఁగోరుట వైరుద్ధ్యమువలెఁ గనఁబడును. కాని నియమమును బాలించుట యొక ధర్మము, నియమమును మార్పఁగోరుట వేఱొక ధర్మము. ఒకే యధికారి రెంటిని వహింపవచ్చును. నియమము చెడ్డదని తోఁచినంతమాత్రమున ప్రతిసంఘమును దానిని మీఱవచ్చునన్నచో నిబంధనావళి యే నిలువదు. బోర్డు పక్షమునఁ జెప్పఁదగిన ప్రధానయుక్తి యిదియే.

డుఆర్టే సంఘము న్యాయస్థానము నాశ్రయించెను. 1983లో క్రింది న్యాయస్థానము సమాఖ్యపక్షమునఁ దీర్పు చెప్పెను. 1986లో కాలిఫోర్నియా అప్పీలు న్యాయస్థాన మా తీర్పును ద్రోసివేసెను. ఆ సంవత్సరము సెప్టెంబరులో డుఆర్టే సంఘము మరలఁ జేర్చుకొనఁబడెను. వ్యాజ్యము అమెరికా సర్వోన్నతన్యాయస్థానమునకుఁ బోయెను. 1987 మే 4వ తేదీని, విచారణలోఁ బాల్గొనిన యేడుగురు న్యాయమూర్తులు నేకాభిప్రాయముతో సమాఖ్యకుఁ బ్రతికూలముగఁ దీర్పు చెప్పిరి. 20 మందికిఁ దక్కువ మొదలు 900 మందికిఁ బైఁబడిన సభ్యులు గల సంఘములు కుటుంబమువలె నంతరంగబంధములు గల గోష్ఠులు కావనియు, స్త్రీలను జేర్చుకొనుటచే వాని సేవాధర్మమునకు హాని లేదనియు నా తీర్పుయొక్క సారము. పిదప డుఆర్టే సంఘమునకే సిల్వియా విట్‌లాక్ అధ్యక్షురాలయ్యెను. రోటరీ సంఘమునకు స్త్రీ యధ్యక్షత వహించుట కదియే మొదలు.

ఆ తీర్పు అమెరికా దేశమునకే వర్తించును. ఇతరదేశములలో పాతనియమమే నిలిచియుండెను. తరువాత 1989లో సింగపూరునఁ గూడిన నిబంధననిర్మాణసభ పురుషులకే సభ్యత్వమను నియమమును మూలనిబంధనమునుండి తొలఁగించెను. ప్రయోగము ముందు పుట్టెను, వార్తికము వెనుక వచ్చెను. వ్యాకరణచరిత్రయందును ఇట్లే జరిగినది. సూత్రమునకు లొంగని శిష్టప్రయోగమును జూచి వార్తికకారుఁడు సూత్రమును బూరించెను. అయితే వ్యాకరణమున ప్రయోగమునకుఁ బ్రామాణ్య మొసఁగునది శిష్టలోకము. ఇచ్చట దాని నొసఁగినది రాజశాసనము.

ఈ వృత్తాంతమునుండి తేలు తీర్పు రెండు విధములు. మండలవ్యవస్థకుఁ బ్రశంస యేమనఁగా, భారతదేశమునందలి యొక చిన్నసంఘ మడిగిన ప్రశ్న నాశనము కాలేదు. ప్రతిపాదనము పంపుట కెల్లరకు సమానమైన మార్గముండుటచే నా ప్రశ్న సింహళమునుండి, బ్రెజిలునుండి, స్వీడనునుండి మరల మరల వినఁబడెను. ఓడిన ప్రతిపాదనము మూఁడేండ్లకు మరలఁ దలయెత్తఁగలిగెను. దోషమేమనఁగా, మూఁడింట నొక పాలుకంటె నించుక యెక్కువమంది యడ్డుపడినను మూలనిబంధనము కదలదు. ఆ యడ్డుపడువారిని పంపినవి మండలములే. కావున ఆలస్యమునకు సమాఖ్య కార్యాలయమును మాత్రమే నిందించుట న్యాయము కాదు.

అన్నిటికంటె లోఁతైన దోషము వేఱొకటి. రుసుములను గూర్చిన నియమము కష్టమైనచో కష్టపడువారే సభలోఁ గూర్చుండి మాటాడుదురు. సభ్యత్వమును గూర్చిన నియమ మట్టిది కాదు. దానిచే వెలివేయఁబడినవారికి సంఘమునందు గాని మండలసభయందు గాని నిబంధననిర్మాణసభయందు గాని యోటు లేదు. వారి పక్షమున నితరులే మాటాడవలయును. ఎంత సక్రమముగ నెన్నుకొనఁబడిన సభయైనను, తన ద్వారమునకు వెలుపల నిలిచినవారిని గూర్చిన నియమమును సవరించుకొనుటయందే మిక్కిలి మందముగ నుండును. ఉత్తరమేరూరు సభ వయోనియమమును శీఘ్రముగ మార్చుకొనెను గాని, భూమియు గృహమును వేదాధ్యయనమును లేనివారి నెన్నికకుఁ జేర్చుకొనలేదు. రెండు సభలయందును స్వభావ మొక్కటియే.

లోపమైన పిదప ఫలము త్వరితముగనే కనఁబడెను. 1995లో ఎనమండుగురు స్త్రీలు మొదటిసారిగ గవర్నరులైరి. అంతర్జాతీయాధ్యక్షపదవిని కలకత్తా వాసియగు నితీశ్ లాహరీ 1962లోనే వహించియుండఁగా, స్త్రీ యా పీఠము నధిష్ఠించినది 2022లో, కెనడాకుఁ జెందిన జెన్నిఫర్ జోన్స్. దేశభేదమును, జాతిభేదమును అరువదియేండ్లు ముందుగా దాఁటిన పీఠమే లింగభేదమును దాఁటుట కంతకాల మాగెను. నిబంధనావళులను రచించు పండితులును, సభలను నడపు పెద్దలును ఈ చరిత్రనుండి గ్రహింపఁదగిన దొక్కటి కలదు. నియమమును మార్చుకొను మార్గము గలదని తృప్తిపడరాదు. ఆ మార్గమున నడుచుట కెవరికి హక్కు లేదో వారి ప్రార్థనము సభకుఁ జేరు నుపాయమును గూడ ఆ నియమములలోనే వ్రాసికొనవలయును.