పాత హౌరా వంతెన

హుగ్లీ నది మీద కలకత్తాను, ఎదుటి ఒడ్డున ఉన్న హౌరాను కలుపుతూ 1874 నుంచి 1943 వరకు పనిచేసిన తేలే వంతెన. ఓడలు వచ్చినప్పుడు మధ్యలో 200 అడుగుల భాగాన్ని ఊడదీసి దారి ఇచ్చేవారు.

1854లో హౌరా నుంచి రైళ్లు మొదలయ్యాక ఇరువైపుల రాకపోకలను పడవలు మోయలేకపోయాయి. 1871లో వంతెన చట్టం వచ్చింది. నిర్మాణ బాధ్యత ఇంజినీరు బ్రాడ్‌ఫర్డ్ లెస్లీకి అప్పగించారు. భాగాలను ఇంగ్లండులో తయారుచేసి, ఓడల్లో తెచ్చి ఇక్కడ బిగించారు. పని పూర్తి కాకముందే, 1874 మార్చి 20 తుపానులో ఎజీరియా అనే స్టీమరు లంగరు తెంచుకుని వచ్చి గుద్దడంతో వంతెనను నీటిపై మోసే పంట్లలో మూడు మునిగిపోయాయి. అయినా అదే ఏడాది అక్టోబరులో వంతెన తెరిచారు. పొడవు 1528 అడుగులు, వెడల్పు 62 అడుగులు, ఖర్చు 22 లక్షల రూపాయలు. 1879లో విద్యుద్దీపాలు వచ్చాయి.

దీని అసలు కష్టం ఎద్దుబండ్ల వాళ్లకే తెలుసు. పంట్ల మీద నిలిచిన వంతెన కాబట్టి ఆటుపోట్లతో లేచేది, దిగేది. నీరు తీసినప్పుడు ఒడ్డు నుంచి వంతెన మీదికి దారి నిటారుగా వాలిపోయేది. నిండు బరువుతో ఉన్న బండిని ఆ వాలులో అదుపు చేయడం, అవతల ఎక్కించడం ఎంత ప్రయాసో ఊహించవచ్చు. 1906 నాటి పరిశీలనలో వాహనాల్లో 13లో 8 వంతులు ఎద్దుబండ్లేనని తేలింది. ఓడ కోసం వంతెన విప్పితే అవన్నీ బారులు తీరేవి. అంతవరకు పగలే విప్పేవారు. ఆ ఏడాది జూన్ నుంచి సముద్రపు స్టీమర్లు తప్ప మిగతా వాటికి రాత్రిపూట దారి ఇవ్వసాగారు. బండ్ల వాళ్లకు దక్కిన పెద్ద ఊరట ఇదే అనిపిస్తుంది.

కొత్త వంతెన ఆలోచన అప్పుడే మొదలైనా మొదటి ప్రపంచ యుద్ధం, ఆపై కమిటీలు దాన్ని మూడు దశాబ్దాలు ఆపాయి. నదిలో స్తంభాలు వేస్తే ఒండ్రు పేరుకుని రేవు పాడవుతుందన్న భయం బలంగా ఉండేది. చివరికి ప్రధాన భాగంలో 1500 అడుగుల మేర నీటిలో స్తంభమే లేని ఉక్కు వంతెన కట్టారు. 1936లో మొదలైన ఆ పని పూర్తయి, 1943 ఫిబ్రవరిలో, జపాను విమానదాడుల భయం మధ్య ఆర్భాటం లేకుండా రాకపోకలు మొదలయ్యాయి. దాంతో పంట్ల వంతెన సేవ ముగిసింది.