రంగత్ తాబేలు ఎక్కడిది?

మధ్య అండమాన్‌లోని రంగత్ నుంచి మాయాబందర్ వైపు సుమారు 20 కిలోమీటర్లు వెళితే కత్‌బర్ట్ బే అనే ఇసుక తీరం వస్తుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా రాత్రివేళ ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఇక్కడ ఒడ్డుకెక్కుతాయి. వెనుక కాళ్ళతో గుంట తవ్వి, వందకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్ళిపోతాయి. తెల్లవారేసరికి మిగిలేవి జాడలే. మరి మిగతా కాలమంతా ఆ తాబేలు ఎక్కడుంటుంది? రంగత్‌లోనే కూర్చుని ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఈ చిక్కు మొదట ఎదురైనవారిలో అమెరికన్ జంతు శాస్త్రజ్ఞుడు ఆర్చీ కార్ ఒకరు. 1955లో ఆయన కోస్టారికాలోని టోర్టుగెరో తీరంలో పచ్చ తాబేళ్ళకు గుర్తులు పెట్టసాగారు. డిప్పకు తీగతో కట్టిన బిళ్ళలు నిలవలేదు. చివరికి పశువుల చెవులకు తగిలించే లోహపు బిళ్ళను తెడ్డులాంటి ముందు కాలికి బిగించారు. దానిమీద ఒక నంబరు, ఫ్లోరిడా విశ్వవిద్యాలయం చిరునామా, తిరిగి పంపితే బహుమతి అన్న మాట. అంతే! ఎక్కువ బిళ్ళలు నికరాగ్వా జాలరుల నుంచి తిరిగివచ్చాయి. గుడ్లు ఒక దేశంలో, మేత మరో దేశంలో అని అలా తేలింది. శాస్త్రజ్ఞుడి ప్రయోగంలో సగం పని ఆయన ఎన్నడూ చూడని జాలరి చేశాడన్నమాట.

మన దేశంలో ఈ పనికి కాలినడకన పూనుకున్నవారు సతీష్ భాస్కర్. మద్రాసు ఐఐటీ చదువు వదిలేసి, 1978 నుంచి అండమాన్, నికోబార్ తీరాలను నడిచి పరిశీలించారు. 1982 వర్షాకాలంలో లక్షద్వీప్‌లోని నిర్జన సుహేలి దీవిలో ఒంటరిగా ఉన్నప్పుడు, భార్యకు ఉత్తరాలు రాసి సీసాల్లో పెట్టి సముద్రంలో వేసేవారట. వాటిలో ఒకటి 24 రోజుల్లో శ్రీలంక జాలరికి దొరికింది. ఆయన దాన్ని పోస్టు చేశాడు. (తాబేలు బిళ్ళ పనిచేసే పద్ధతీ ఇదే కదా!) తర్వాత 1984-85లో ఇండోనేషియాలోని పాపువా తీరంలో భాస్కర్ సుమారు 700 తోలువీపు తాబేళ్ళకు బిళ్ళలు వేశారు. ఆయన 2023లో మరణించారు.

ఒక తీరంలో వేసిన నంబరు మరో తీరం వారికి తెలియకపోతే అది వట్టి రేకుముక్క. అందుకే 1976లో కెనడా నుంచి తాబేళ్ళ పరిశోధకుల వార్తాపత్రిక ఒకటి మొదలైంది. హిందూ మహాసముద్ర దేశాలు 2001లో తాబేళ్ళపై ఒక అవగాహనకు వచ్చాయి. భారత్ 2007లో చేరింది.

ఇప్పుడు ఉపగ్రహాలు తోడయ్యాయి. లిటిల్ అండమాన్‌లో 2011-14 మధ్య దక్షిణ్ ఫౌండేషన్, భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు పది తోలువీపు తాబేళ్ళకు ట్రాన్స్‌మిటర్లు అమర్చారు. కొన్ని ఆస్ట్రేలియా వైపు సాగాయి. ఒకటి 266 రోజుల్లో సుమారు 13 వేల కిలోమీటర్లు ఈది మొజాంబిక్ దాపులకు చేరింది. ఈ జాతికే ముఖ్యమైన మరో తీరం గ్రేట్ నికోబార్‌లోని గలాథియా. 1997 నుంచి అభయారణ్యంగా ఉన్న ఆ తీరానికి, ఓడరేవు పథకం కోసం 2021 జనవరిలో ఆ హోదా తీసివేశారు. అక్కడ గూళ్ళు తగ్గితే ఆ లోటు ఎన్ని దేశాల జలాల్లో కనబడుతుందో పై ప్రయాణాలే చెబుతాయి.

పాత లోహపు బిళ్ళ మాత్రం మూలపడలేదు. 2021 మార్చిలో ఒడిశాలో 03233 నంబరు వేసిన ఆలివ్ రిడ్లీ, 2025 జనవరిలో మహారాష్ట్రలోని గుహాగర్ ఒడ్డున గుడ్లు పెడుతూ కనబడింది. అంటే ద్వీపకల్పాన్ని చుట్టివచ్చిందన్నమాట! శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా మన తీరానికీ ఇవే తాబేళ్ళు వస్తాయి. ఈసారి ఒడ్డున తాబేలు కనబడితే, అది చచ్చినదైనా సరే, ముందు కాళ్ళు చూడండి. బిళ్ళ ఉంటే నంబరు, తేదీ, ఊరి పేరు రాసుకుని అటవీశాఖ వారికి తెలియజేయండి.