సహజ అశ్వ శిక్షణ: గుర్రాన్ని ఒప్పించడమా, మెత్తగా లొంగదీయడమా?

గుండ్రటి కంచె మధ్యలో శిక్షకుడు నిలబడతాడు. అప్పటివరకూ జీను ఎరగని కుర్ర గుర్రం కంచె వెంబడి పరుగు తీస్తుంటుంది. అతను తాడు విసురుతూ, కళ్లలోకి సూటిగా చూస్తూ దాన్ని దూరంగా తరుముతాడు. కాసేపటికి గుర్రం ఒక చెవిని అతని వైపు తిప్పుతుంది, తల దించుతుంది, నోరు చప్పరిస్తుంది. అప్పుడతను చూపు మరల్చి వెనక్కి తిరుగుతాడు. గుర్రం మెల్లగా వచ్చి అతని భుజం పక్కన నిలబడుతుంది. ఎటు నడిస్తే అటు వెంట వస్తుంది. చూసేవాళ్లు చప్పట్లు కొడతారు.

అమెరికా శిక్షకుడు మాంటీ రాబర్ట్స్ 'జాయిన్ అప్' పేరుతో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. 'నేచురల్ హార్స్‌మన్‌షిప్' అనే ధోరణికి ఇదే గుర్తుగా మారింది. గుర్రం మనిషిని నమ్మి దగ్గరకొచ్చిందని అభిమానులు అంటారు. తప్పించుకునే దారి లేక వచ్చిందని విమర్శకులు అంటారు. గుర్రపు స్వారీ ప్రపంచంలో ఈ వాదన దశాబ్దాలుగా నడుస్తూనే ఉంది.

ఎక్కడ మొదలైంది?

అమెరికా పశ్చిమ రాష్ట్రాల పశువుల క్షేత్రాల్లో ఒకప్పుడు గుర్రాన్ని కట్టేసి, జీను బిగించి, అది అలసిపోయేదాకా ఎగిరి దూకనిచ్చి లొంగదీసేవారు. దానికి వాడే 'బ్రేకింగ్' అనే మాటకు అర్థమే విరగ్గొట్టడం. ఇందుకు భిన్నంగా టామ్ డోరెన్స్ (1910-2003), ఆయన అన్న బిల్ డోరెన్స్, శిష్యుడు రే హంట్ మరో దారి చూపారు. గుర్రం ఏం గమనిస్తోందో కనిపెట్టాలి, కనీసమైన ఒత్తిడి పెట్టాలి, అది సరిగ్గా స్పందించిన క్షణంలోనే వదిలేయాలి అన్నది వారి బోధన. తప్పు పని గుర్రానికి కష్టంగా, సరైన పని సులువుగా ఉండేలా చూడాలన్నది హంట్ సూత్రం.

1980ల నుంచి పాట్ పరెల్లి దీన్ని 'ఏడు ఆటలు' వంటి పాఠాలుగా మలిచి సామాన్య గుర్రపు యజమానులకు అందించారు. 1989లో విండ్సర్‌లో ఎలిజబెత్ రాణి ఎదుట చేసిన ప్రదర్శనతో రాబర్ట్స్ పేరు మారుమోగింది. నికోలస్ ఇవాన్స్ 1995 నవల 'ద హార్స్ విస్పరర్', 1998లో దాని ఆధారంగా వచ్చిన సినిమా ఈ ధోరణిని స్వారీ తెలియనివారికీ పరిచయం చేశాయి.

'మృదువైన పద్ధతి' అన్న మాట మాత్రం కొత్తది కాదు. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలోనే గ్రీకు రచయిత జెనోఫోన్ గుర్రం మీద కోపం చూపవద్దని రాశాడు. 1858లో అమెరికన్ జాన్ రేరీ ఇంగ్లండ్‌లో క్రూయిజర్ అనే భయంకరమైన మగ గుర్రాన్ని మాలిమి చేశాడు, విక్టోరియా రాణి మెప్పు కూడా పొందాడు. ఆయన చేసిందల్లా గుర్రం ముందు కాలు మడిచి కట్టి, అది నేల మీద పడుకునేలా చేసి నిమరడం. ఆనాటి జనానికి అది కరుణగా కనిపించింది. ఈనాటి పరిశోధకులు అదే పనిని భయంలో ముంచెత్తి లొంగదీయడంగా చూస్తారు. ఏది మృదువు అన్న కొలత కాలంతో పాటు మారుతుందనడానికి ఇదొక ఉదాహరణ.

విమర్శ ఏమిటి?

మొదటి అభ్యంతరం సిద్ధాంతానికి సంబంధించింది. శిక్షకుడు మందకు నాయకుడిలా ప్రవర్తిస్తాడని, గుర్రం అతని నాయకత్వాన్ని అంగీకరిస్తుందని ఈ పద్ధతి బోధకులు చాలామంది చెబుతారు. ఆస్ట్రేలియాకు చెందిన పాల్ మెక్‌గ్రీవి, ఆండ్రూ మెక్‌లీన్ వంటి శాస్త్రవేత్తలు దీన్ని ఒప్పుకోరు. వారి దృష్టిలో జరుగుతున్నది మనస్తత్వ శాస్త్రం చెప్పే రుణాత్మక పునర్బలనం. అంటే ఇబ్బంది పెట్టేదాన్ని సరైన స్పందన రాగానే తొలగించడం. తరమడం ఆగింది కాబట్టి గుర్రం ఆగింది. దగ్గరగా ఉన్నంతసేపు తరమరని నేర్చుకుంది కాబట్టి వెంట నడిచింది.

2012లో సిడ్నీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇదే విషయాన్ని పరీక్షించారు. గుండ్రటి కంచెలో మనిషికి బదులు రిమోట్‌తో నడిచే బొమ్మ కారును పెట్టారు. కారు తరిమింది. గుర్రం దాని వైపు తిరిగితే ఆగింది. గుర్రాలు ఆ కారుకూ స్పందించడం నేర్చుకున్నాయి. బొమ్మ కారును ఏ గుర్రమూ మంద నాయకుడిగా భావించి ఉండదు కదా అన్నది వారి వాదన.

రెండో అభ్యంతరం సంక్షేమానికి సంబంధించింది. గుర్రం వేటకు గురయ్యే జంతువు. పారిపోవడమే దాని ఆత్మరక్షణ. కంచెలో పదేపదే తరిమితే మనిషిని చూసి పారిపోవడమే అలవాటు కావచ్చు. పైగా కదలకుండా నిలబడ్డ గుర్రం ప్రశాంతంగా ఉన్నట్టు కాదు. ఏం చేసినా ఫలితం లేదని చేతులెత్తేసిన జంతువూ అలాగే నిలబడుతుంది.

సమర్థకుల జవాబు

ఒత్తిడి లేని శిక్షణ ఎక్కడుందన్నది సమర్థకుల ఎదురు ప్రశ్న. కళ్లెం లాగడం, మడమతో నొక్కడం కూడా ఒత్తిడే. గుర్రాలు కూడా చెవులు వెనక్కి వాల్చి, అడుగు ముందుకేసి ఒకదాన్నొకటి జరుపుకుంటాయి. శాస్త్రవేత్తలు చెప్పే 'సరైన క్షణంలో వదలడం' డోరెన్స్ ఎన్నడో చెప్పిందేనని గుర్తుచేస్తారు. వారి పక్షాన ఆధారమూ ఉంది. బ్రిటన్‌లో రాబర్ట్స్ పద్ధతిని అక్కడి సంప్రదాయ శిక్షణతో పోల్చి 2012లో వెలువరించిన అధ్యయనంలో, మొదటిసారి జీను వేసినప్పుడు, రౌతు ఎక్కినప్పుడు రాబర్ట్స్ పద్ధతిలో శిక్షణ పొందిన గుర్రాల గుండె వేగం తక్కువగా నమోదైంది. అయితే అది కొద్ది గుర్రాలతో చేసిన అధ్యయనం.

మూడో పక్షం మేతను బహుమతిగా ఇచ్చి నేర్పేవారిది. 'టిక్' శబ్దంతో సరైన పనిని గుర్తుచేసి, వెంటనే తినడానికి ఏదైనా ఇస్తారు. ఇందులో గుర్రం తనంతట తాను పాల్గొంటుందని వారి మాట. తిండి ఆశతో గుర్రం మీదకు రావడం, చేతులు కొరకడం అలవాటవుతుందని, అయిదు వందల కిలోల జంతువుతో అది ప్రమాదమని ఇతరుల భయం.

మనకేం సంబంధం?

భారత్‌లో ఈ చర్చ స్వారీ క్లబ్బులు దాటి పెద్దగా రాలేదు. ఇక్కడ చాలా గుర్రాలు బతికేది జట్కాలు, పెళ్లి ఊరేగింపులు, ఇటుక బట్టీల మధ్య. ముళ్లు ఉన్న కళ్లెపు కడ్డీలను 1965 నాటి బరువులు మోసే జంతువుల నిబంధనలు నిషేధించాయి. అయినా వాటిని అడపాదడపా స్వాధీనం చేసుకోవాల్సి వస్తూనే ఉంది. నోట్లో ముల్లు గుచ్చుకునే గుర్రం ముందు 'జాయిన్ అప్'పై వాదన విలాసంగా అనిపించవచ్చు. కానీ గుర్రం నొప్పికి లొంగుతోందా, సంకేతాన్ని అర్థం చేసుకుంటోందా అన్న ప్రశ్న రెండు చోట్లా ఒక్కటే.

పద్ధతి పేరును బట్టి తీర్పు ఇవ్వలేం. చూడాల్సినవి వేరే ఉన్నాయి. ఒత్తిడి ఎంత, గుర్రం స్పందించగానే అది ఆగిందా లేదా? పరుగు నిమిషాల్లో ముగిసిందా, చెమటలు కక్కేదాకా సాగిందా? కళ్లలో తెల్లగుడ్డు కనిపిస్తోందా, తోక బిగిసి ఉందా? ఇంకా ముఖ్యమైంది మర్నాటి సంగతి. తాడు పట్టుకుని మనిషి వస్తే ఆ గుర్రం ఎదురు వస్తుందా, మూలకు పోతుందా? ప్రదర్శనలో చప్పట్లు కొట్టేవాళ్లు అది చూడరు. రోజూ దాణా పెట్టేవాడు చూస్తాడు.