కడుగని ఫిలిం చుట్టలు

2007లో చికాగో నగరమున, అద్దె చెల్లని గిడ్డంగి అరలలోని సామాను వేలమునకు వచ్చినది. పెట్టెల నిండ నెగటివులు, కడుగని ఫిలిం చుట్టలు. అవి వివియన్ మేయరు తీసిన వీధుల ఛాయాచిత్రములు. సుమారు 40 ఏండ్లు పరుల పిల్లలను పెంచిన ఆయా ఆమె.

చేతిలో రోలీఫ్లెక్స్ కెమెరా. చుట్టకు 12 బొమ్మలే. దానిని కంటి కెత్తనక్కరలేదు; నడుము వద్ద పట్టి, తల వంచి చూచిన చాలును. ఎదుటివారు చాలసార్లు ఎరుగనే ఎరుగరు!

కాంతి సోకిన ఫిలిముపై రూపము కంటికి కానరాక నిలిచియుండును. మందులలో కడిగినగాని బయల్పడదు. ఆమె 2009లో మరణించినది. వందలకొలది చుట్టలను పిదప అన్యులు కడిగించిరి. తీసిన మనిషి మాత్రము ఆ బొమ్మలను చూడనేలేదు. చూచినచో ఎన్నిటిని త్రోసివేసియుండెడిదో!

మరుగుననే ఉండగోరినదందమా? దుకాణపు అద్దములలో, కాలిబాటపై నీడగా, తన రూపమును తానే పలుమార్లు పట్టినది.